కారు అప్పుకు ఎక్కిన గడపలు

పాస్టరుగారు ఆమెన్ అన్నారు. మేమూ అన్నాం. కళ్లు తెరిచేసరికి షోరూములో అప్పుల వ్యవహారం చూసే మనిషి మా ఎదురుగా నిలబడి ఉన్నాడు. ప్రార్థన అయ్యేదాకా ఆగాడు, ఆ మాత్రం మర్యాద అతనికి ఉంది. ఫోను చేతిలో తిప్పుకుంటూ, కారు కొనే మనిషిని వదిలేసి నా వైపు చూసి, "సార్, లోను రిజెక్ట్ అయింది" అన్నాడు.

కారు కొంటున్నది మా చెల్లెలి భర్త. అతను అప్పుడు బానెట్ మీద చెయ్యి ఆనించి ఉన్నాడు. ప్రార్థన కోసం ఆనించిన చెయ్యి అది. తీయలేదు.

"రిజెక్ట్ అంటే?" అంది మా చెల్లెలు.

"ఇయ్యరంట మేడం."

"నిన్న అయిపోయిందని చెప్తివి కదప్పా? డెలివరీకి రమ్మంటివి. అయ్యగారిని గూడా తోడుకోని వస్తిమి."

"నిన్న ఓకేనే ఉండె మేడం. పొద్దున దుడ్లు వేసే ముందు కంపెనీవాళ్లు ఇంకోసారి స్కోరు చూసినారు. పడిపోయింది. శానామంది దగ్గర అడిగినారంట కదా మీరు?"

ఆ 'కదా మీరు' అన్నప్పుడు మాత్రం అతను మా చెల్లెలి భర్త వైపు చూశాడు.

కర్నూలు బైపాసు పక్కన పెద్ద అద్దాల షోరూము అది. నెలాఖరు వారం కావడంతో ఆ రోజు డెలివరీలు చాలా ఉన్నాయి. మా తెల్ల కారు మీద కప్పిన ఎర్ర గుడ్డ అప్పటికే తీసేశారు. దండ వేశారు. మనిషంత పొడవున్న అట్ట తాళంచెవిని ఆలుమగలిద్దరి చేతా పట్టించి ఫోటో తీశారు. తర్వాతే ప్రార్థన. చాలా పెద్ద ప్రార్థన. దారుల్లో ప్రమాదాలు, టైర్లు, ఇంజను, కమలాపురం దాటాక ఉండే గుంతల రోడ్డు, ఏదీ వదలకుండా పాస్టరుగారు అన్నిటినీ దేవుడికి అప్పగించారు.

"సార్, ఆ దండ తీసుకపోతారా, ఉంచమంటారా?" అని అడిగాడు ఆ మనిషి. "వేరే పార్టీ వచ్చింది. వాళ్లదీ ఇదే కలరు."

మా చెల్లెలే దండ తీసింది. మేము టీ తాగి, కట్టిన బయానా ఎప్పుడు వాపసు ఇస్తారో కనుక్కునే లోపల, బనగానపల్లె నుంచి వచ్చిన ఒక మామిడితోటల ఆసామి అదే కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. వాళ్ల ఫోటోకూ మావాళ్లు పట్టుకున్న అట్ట తాళంచెవినే ఇచ్చారు.

ఆ కారు పోవడమంటే ఏం పోయినట్టో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మా చెల్లెలి భర్తది పత్తికొండ పక్కన ఒక పల్లె. తండ్రి నాటి నుంచీ వాళ్లకు పశువుల సంతలో దళారితనం. అతనూ పెళ్లినాటికి మంచి దళారి. ఆ సంతల్లో బేరం నోటితో జరగదు. దళారి భుజం మీది టవాలు తీసి చేతుల మీద కప్పుతాడు, దాని కింద కొనేవాడి వేళ్లు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్లు, ఏ వేళ్లు అన్నదే ధర. చుట్టూ వందమంది నిలబడినా ఎంత అడిగారో ఎవరికీ తెలియదు. కుదరకపోతే టవాలు దులిపి భుజాన వేసుకుని ఇంకో పశువును కట్టిన తర్వాతి గుంజ దగ్గరికి పోతారు. అడిగిన ధర ఆ టవాలు కిందే చచ్చిపోతుంది. తెలివైన కొనుగోలుదారు అన్ని గుంజల దగ్గరా అడుగుతాడు, ఎక్కడా మాట ఇవ్వడు. పొద్దు వాలాక మొదటి గుంజ దగ్గరికి తిరిగి వస్తాడు. అప్పటికి అమ్మేవాడు దిగి ఉంటాడు.

ట్రాక్టర్లు వచ్చాక సంతలు పలచబడ్డాయి. అతను డ్రైవింగు నేర్చుకుని కుటుంబాన్ని డోనుకు మార్చాడు. తాను కడపలో గది తీసుకుని, అక్కడి ఒక ట్రావెల్సు యజమాని దగ్గర చేరాడు. కమలాపురం దాటాక ఉన్న ఒక సిమెంటు ఫ్యాక్టరీకి ఆ యజమాని నెలబాడుగ మీద కారు పెట్టాడు. కడప స్టేషనులో దిగిన ఆఫీసర్లను ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి స్టేషనుకు తిప్పడమే పని. బాడుగ యజమానికి. జీతం ఇతనికి. ఆదివారం ఇంటికి వచ్చి వెళ్లిన మర్నాడల్లా యజమాని కారు తలుపు తీసి వాసన చూసేవాడట, ఇంటి నుంచి ఏదైనా కూర తెచ్చుకుని లోపల తిన్నాడేమోనని. ఈ సంగతి అతను నవ్వుతూ చెప్పేవాడు. మా చెల్లెలు నవ్వేది కాదు.

ఆ యజమాని ఒప్పందం గడువు ముగియబోతుండగా, ఫ్యాక్టరీలో బండ్ల సంగతి చూసే ఆఫీసరు ఇతణ్ని పిలిచి చెప్పాడు: "ఎన్నాళ్లని మందిది తోలుతావప్పా? కొత్త బండి, పసుపుపచ్చ నంబరు ప్లేటు, నీ పేరు మీద ఉండల్ల. ఒకటో తారీకుకు గేటు కాడ పెట్టు, అగ్రిమెంటు నీకే రాస్తా. ల్యాకుంటే పాతాయనకే పోతాది, నన్ననుకోవద్దు."

పల్లెలో మిగిలిన ఒక్క జత ఎద్దులనూ అమ్మేశాడు. ముందు కట్టాల్సిన సొమ్ము అట్లా వచ్చింది. మిగతాది అప్పు. అప్పు రావడంలో అతనికి ఏ ఇబ్బందీ ఉండకూడదు. బైకు లోను ఒక్క కంతు తప్పకుండా కట్టి ముగించాడు. బంగారం మీద తెచ్చిన పంట అప్పు కూడా అంతే. డోనులో మొదట వెళ్లిన బ్యాంకులోనే, అక్కడి ఆఫీసరు కంప్యూటరులో అతని పాత అప్పుల స్కోరు చూసి, "బాగుండాదే, సంతకం పెట్టుపో, వారంలో అయిపోతాది" అన్నాడు. వడ్డీ ఎంతో చెప్పాడు.

ఇతను సంతకం పెట్టలేదు. చూసి వస్తానన్నాడు.

అప్పుడే నాకు ఫోను చేశాడు. "బావా, మొదటి గుంజకాడనే ఎవురన్నా కొంటారా? పావలా వడ్డీ తగ్గినా అయిదేండ్లకు ఎంత అయితాదో చూడు. అడిగేదానికేమన్నా సుంకమా?"

తప్పేముంది అనుకున్నాను. పత్రికలో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను జిల్లా పేజీల్లో అప్పుల వార్తలు ఎన్ని చూశానో లెక్కలేదు. కానీ వార్తలోకి మనిషి అప్పు తీసుకున్న తర్వాతే వస్తాడు, తీర్చలేనప్పుడు. అడిగి తిరిగే రోజుల్లో ఎవరూ అతని గురించి రాయరు. ఆ తిరుగుడుకు కూడా ఒక ఖరీదు ఉంటుందని మా డెస్కులో ఎవరికీ తట్టలేదు.

అతను కర్నూలులో బ్యాంకులు ఎక్కాడు. నంద్యాలకు పోయాడు. బనగానపల్లెలో ఒక ఫైనాన్సు కంపెనీ వాళ్లు కొత్తగా శాఖ తెరిచారంటే అక్కడికీ పోయాడు. కడపలో డ్యూటీ మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా, ఆఫీసరును స్టేషనులో దించి వచ్చే దారిలో, యజమాని కారునే బయట నిలిపి లోపలికి వెళ్లి అడిగాడు. ప్రతిచోటా కూర్చోబెట్టారు, మంచినీళ్లిచ్చారు. పాను కార్డు అడిగారు. ఫోనుకు వచ్చిన నంబరు చెప్పమన్నారు. చెప్పాడు. వడ్డీ విన్నాడు. "పక్కాయన ఇంతకన్నా తక్కువ అంటాండాడు" అని పేరు చెప్పకుండా బెదిరించాడు. కొందరు నిజంగానే తగ్గారు. అతనికి ఉత్సాహం వచ్చింది. రాత్రిపూట ఫోనులో నాకు ఎక్కడెక్కడ ఎంతెంతో అప్పజెప్పేవాడు, సంత నుంచి వచ్చి ఎద్దుల ధరలు చెప్పినట్టే.

అన్నీ అయ్యాక, సంత పద్ధతి ప్రకారం, మొదటి గుంజ దగ్గరికి వచ్చాడు. డోను బ్యాంకు ఆఫీసరు మళ్లీ కంప్యూటరు చూశాడు. ఈసారి సంతకం పెట్టమనలేదు.

"ఏమప్పా, ఇంతమందినా అడిగింది?"

"ధర కనుక్కున్యాలే సార్. తీసుకోల్యా."

"నువ్వు తీసుకోల్యానేది ఈడ కనపడదు నాయనా. అడిగినావనేదే కనపడతాది. మా సిస్టం ఇప్పుడు ఒప్పుకోదు. మొన్ననే సంతకం పెట్టింటే ఈపాటికి బండి ఇంటికాడ ఉండు."

అప్పుడు షోరూము మనిషి దగ్గరికి వెళ్లాడు. "మాకు వదిలేయండి, మేము చూసుకుంటాం" అన్నాడతను. చూసుకోవడం అంటే మళ్లీ అదే పాను కార్డును, తనకు తెలిసిన కంపెనీలన్నిటికీ ఒకేసారి పంపడం. వాటిలో ఒకటి సరేనంది. దాన్ని నమ్మే అతను యజమాని దగ్గర పని మానేశాడు, మేము పాస్టరుగారిని వెంటబెట్టుకుని కర్నూలుకు వెళ్లాం.

షోరూము నుంచి తిరిగి డోనుకు బస్సులో వచ్చాం. కారులో వస్తామనుకుని ఎవరూ తిరుగు ప్రయాణం గురించి ఆలోచించలేదు. కొంతదూరం నిలబడాల్సి వచ్చింది. తర్వాత ముందు సీటులో పాస్టరుగారికి, వెనక మాకు చోటు దొరికింది. దండ ప్లాస్టిక్ సంచిలో మా చెల్లెలి ఒళ్లో ఉంది.

పాస్టరుగారు వెనక్కి తిరిగి, "బాధపడొద్దమ్మా. చేసిన ప్రార్థన వృథాగా పోదు" అన్నారు.

"యాడ పోయింది అయ్యగారూ? బనగానపల్లె పార్టీకి తగిలింది కదా" అంది మా చెల్లెలు.

పాస్టరుగారు ముందుకు తిరిగి కూర్చున్నారు. పక్క సీట్లో ఉన్న ఒకాయన నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు చూశాడు. మా చెల్లెలి భర్త కూడా నవ్వబోయాడు. అది అతని పొరపాటు.

"నువ్వు నవ్వు. శానా ఎద్దులు అమ్మించినావు కదా, ఒగ మాట అడుగుతా చెప్పు. పొద్దుననుంచి అందరూ నోరు తెరిచి పండ్లు చూసి, ఎవురూ కొనకుండా వదిలిపెట్టిన ఎద్దు ఉంటాదే. మద్దేనం దాన్ని చూసినోడు ఏమనుకుంటాడు?"

అతను బస్సు టికెట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చెప్పప్పా. ఇంటికొచ్చి నాకు కతలుకతలుగా చెప్తాంటివే. ఏమనుకుంటాడు?"

"ఏదో కొరత ఉండాదనుకుంటాడు."

"ధర?"

"దిగుతాది."

"మరి నీకు తెల్దా?"

"నేను కొనేటోన్ని కదమే" అన్నాడు అతను.

"దుడ్లు ల్యాక వాని గడపకు పోయినోడివి, కొనేటోడు ఎట్లయితావు? వాండ్లు కొనేటోళ్లు. నువ్వు ఎద్దువి. ఊరూరా తిరిగి, నీ నోరు నువ్వే తెరిచి చూపిచ్చినావు."

ఆమె దండ సంచి మూతి బిగించి కిటికీ వైపు తిరిగింది. అతను తన అరచేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. నేను ఏదో ఒకటి అనాలనుకున్నాను గానీ ఆమె చెప్పిన దానిలో సరిదిద్దవలసింది ఏమీ కనిపించలేదు.

ఆ వారంలోనే కడపలో నాకు పాత పరిచయం ఉన్న ఒక బ్యాంకు మేనేజరు దగ్గరికి అతణ్ని తీసుకువెళ్లాను. ఒకటో తేదీ ఇంకా రాలేదు. ఏదైనా దారి ఉంటుందేమోనని. మేనేజరు రిపోర్టు తెప్పించుకునే ముందు, "మీరే మీ ఫోనులో తీసి చూపించండి. నేను చూస్తే అదొకటి ఎక్కుతుంది" అన్నాడు. అతను తీసి ఇచ్చాడు. మేనేజరు పైనుంచి కిందికి జరుపుకుంటూ పోయి, చివరికి నవ్వాడు.

"ఏం సామీ, మీ బామ్మర్ది దేశం మీద పడినాడే!"

తర్వాత తీరిగ్గా వివరించాడు. మన స్కోరు మనం ఎన్నిసార్లు చూసుకున్నా ఏమీ కాదు. అప్పు కోసం అర్జీ పెట్టాక అప్పిచ్చేవాడు చూస్తే అది నమోదవుతుంది. ఒకటి రెండు ఉంటే పట్టించుకోరు. కొద్దిరోజుల్లో వరసగా పడితే ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా స్కోరును దించుతుంది. పాత అప్పుల చరిత్ర పెద్దగా లేనివాళ్లకు ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. స్కోరు మరీ పడకపోయినా, ఇన్నిచోట్ల అడిగినవాడికి ఇవ్వకూడదని కొన్ని కంపెనీలకు సొంత నియమం ఉంటుంది. నెలలు గడిచే కొద్దీ దాని బరువు తగ్గుతుంది గానీ, నమోదయిన వరస మాత్రం తొందరగా పోదు.

"నేను వాళ్లను వద్దన్నాను సార్. వాళ్లు నన్ను వద్దనల్యా" అన్నాడు మా చెల్లెలి భర్త. ఈ ఒక్క మాట చెప్పడానికే వచ్చినట్టున్నాడు.

"అది దీంట్లో రాయరప్పా. నువ్వు వద్దన్నావో, నిన్ను వద్దన్నారో రాయడానికి గడి ల్యా. ఇంత అప్పు కావాలని అడిగినాడు, అంతే. చూసేటోడు రెండోదే అనుకుంటాడు. నేనైనా అంతే."

"మరి వడ్డీ ఎట్ల కనుక్కోవల్ల?"

"నోటితో కనుక్కో. బోర్డు మీద చూడు, ఫోను చేసి అడుగు. పాను కార్డు జేబులోనే పెట్టుకో. ఒకచోట ఖాయం చేసుకున్నాక, ఆడ ఒక్కచోట బయటికి తీయల్ల."

"ఈ మాట ఒక్కరూ చెప్పల్యా సార్, అన్ని తావుల తిరిగితే."

"ఎవరు చెప్తారు? పాను కార్డు చేతిలో పెట్టుకున్నోడు, 'వద్దులేప్పా జేబులో పెట్టుకో' అంటాడా?" మేనేజరు గంట కొట్టి టీ తెప్పించాడు. "ఆర్నెల్లు కదలకుండా ఉండు. యాడా అడగొద్దు. తర్వాత రా, చూద్దాం."

ఆర్నెల్లు. అతనికి ఉన్నది ఒకటో తేదీ.

తెలిసిన ఇద్దరు ముగ్గురి దగ్గర చేబదులు ప్రయత్నించాం. కారు ఖరీదుకు అది సరిపోయే మాట కాదు. నా పేరు మీద అప్పు తీసుకుందామంటే, బండి అతని పేరు మీదే ఉండాలని ఫ్యాక్టరీ షరతు. పైగా రిటైరైన వాడికి టాక్సీ లోను ఇవ్వడానికి ఎవరూ ఇష్టపడలేదు. ఒకటో తేదీన గేటు దగ్గర కొత్త తెల్ల కారు నిలబడింది. పాత యజమానిది. అతనికి అప్పు ఒక పూటలో వచ్చిందట.

డ్రైవరు కోసం యజమాని వెతకలేదు. ఫోను చేశాడు. మా చెల్లెలి భర్త స్పీకరులో పెట్టి మాట్లాడాడు. నేను డోనులో వాళ్ల ఇంట్లోనే ఉన్నాను.

"ఏం ఓనరుగారూ, బాగుండారా?"

ఇతను స్పీకరు శబ్దం కాస్త తగ్గించాడు.

"బండి యాడ పెట్టినావప్పా, షెడ్డు చాలుతుందా?" వెనక ఎవరో నవ్వుతున్నారు. "సరేలే. వచ్చేటట్టుంటే రేపటినుంచి రా. జీతం మాత్రం పాతది కాదు, తగ్గిస్తా. నా కారు మీద పోయి లోన్లు అడిగినావంట కదా, ఆ డీజిలు ఎవురిది?"

"వస్తాలేన్నా" అన్నాడు ఇతను.

"రా మరి. కడిగేటప్పుడు నీదే అనుకో. ఎవురొద్దన్నారు?"

అతను ఫోను పెట్టేశాడు. మా చెల్లెలు లోపలికి వెళ్లి అతని బట్టలు సంచిలో సర్దింది. మామూలుగా ఆదివారం సాయంత్రం సర్దినట్టే. ఈసారి కూర గిన్నె పెట్టలేదు.

షోరూము నుంచి ఫోటో వాళ్లకు కారు తప్పిపోయిన రోజు సాయంత్రమే వచ్చింది. అట్ట తాళంచెవి పట్టుకుని ఇద్దరూ, కింద అభినందనలు, మా కుటుంబంలోకి స్వాగతం అని. ఆపైన కొన్నాళ్లకు ఒక అమ్మాయి ఫోను చేసి, డెలివరీ ఎలా జరిగింది, పదికి ఎన్ని మార్కులు ఇస్తారని అడిగింది. కారు ఇవ్వలేదని చెప్పు, తిట్టు అని మా చెల్లెలు పక్కనుంచి సైగ చేసింది. అతను పదికి పది ఇచ్చాడు.

"ఏంటికిచ్చినావు?" అని అడిగితే, "ఇది గూడా యాడన్నా ఎక్కుతాదేమో" అన్నాడు.

అప్పటి నుంచి అతను దేన్నీ అడగడం మానేశాడు. బజారులో కూరగాయల ధర కూడా. చెప్పినంత ఇచ్చి వస్తాడు. మా చెల్లెలికి ఇది అన్నిటికన్నా ఒళ్లు మంట.

ఆ రిపోర్టు చూసిన రోజున మేనేజరు ఇంకొకటి కూడా గమనించాడు. వరసలో అతను ఎన్నడూ మెట్టెక్కని, పేరు కూడా వినని ఒక ఫైనాన్సు కంపెనీ ఉంది. మిగతావన్నీ తాను అడిగినవి, షోరూము మనిషి తనకు చెప్పి పంపినవేనని, ఇది మాత్రం ఆ రెంటిలోనూ లేదని అతను ఒట్టు పెట్టుకున్నాడు. స్కోరు లెక్కగట్టే సంస్థకు అభ్యంతరం రాసి పంపాం. అప్పిచ్చే కంపెనీ తప్పని ఒప్పుకుంటేనే తీసేస్తామని జవాబు వచ్చింది. కంపెనీని అడిగితే, షోరూము నుంచి వచ్చిందన్నారు. షోరూములో అడిగితే, ఆ రోజు ప్రార్థన అయ్యేదాకా ఆగిన మనిషి ఉద్యోగం మానేసి వెళ్లాడని, పాత ఫైళ్లు తమ దగ్గర లేవని చెప్పారు. ఆ నమోదు ఇప్పటికీ అతని పేరు కిందే ఉంది. ఆ అప్పు ఎవరు అడిగారో తేలలేదు.